ఊళ్లో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్లు ఉన్నారు, చేతిలో కాగితం లేదు. ఆర్‌సీఐ దాకా ఎలా చేర్చాలి?

మండలం_మాట

మా మండలంలో బధిరులకి తోడుగా ఆస్పత్రికీ, పోలీస్ స్టేషన్‌కీ, బ్యాంకుకీ వెళ్లేవాళ్లు ఆరుగురున్నారు. ముగ్గురికి అమ్మానాన్నలే బధిరులు. ఒకమ్మాయికి అన్న బధిరుడు. ఒకాయన బధిరుల హాస్టల్లో వంట చేస్తాడు, ఇంకొకామె స్నేహితుల దగ్గర నేర్చుకుంది. అందరికీ చేతులు బాగా ఆడతాయి. ఒక్కరి దగ్గరా సర్టిఫికెట్ లేదు. పిలిచేటప్పుడు దాని ఊసే ఎత్తరు. డబ్బులిచ్చే కాడికి వచ్చేసరికి మాత్రం "ఆర్‌సీఐ నంబరుందా" అని మొదలెడతారు, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు నంబరు.

వీళ్లని ఎక్కణ్ణించి మొదలుపెట్టి ఎటు నడిపించాలి? వంటాయన, స్నేహితుల దగ్గర నేర్చుకున్నామె పదో తరగతితో ఆపేశారు. రెండేళ్లు ఊరొదిలి చదవడం నలుగురికి కుదరదు. ఢిల్లీలోని ఐఎస్ఎల్ఆర్‌టీసీ (భారతీయ సైన్ లాంగ్వేజ్ పరిశోధన, శిక్షణ కేంద్రం) డిక్షనరీలో ఉన్న సైన్లు మా వైపు చాలావరకు వాడరు. చేయదగ్గ పనులు చెప్పండి. "ముందు ఆత్మవిశ్వాసం పెంచండి" టైపు సలహాలు వద్దు, అవి మా దగ్గరే బస్తాలకొద్దీ ఉన్నాయి.

కోడా_సోడా

ఆరుగురినీ ఒకే గాటన కట్టొద్దు. బధిరుల పిల్లలు అంటే కోడాలు, బధిరుల తోబుట్టువులు అంటే సోడాలు. మీ నలుగురూ ఈ లెక్కలోకే వస్తారు. వీళ్లకోసం రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అనే దారి ఉంది. క్లాసులో కూర్చోబెట్టకుండా, ఇప్పటికే ఉన్న నైపుణ్యాన్ని పరీక్షించి గుర్తిస్తారు. ఇంటర్‌ప్రెటర్లకి ఈ దారిలో పెట్టే పరీక్షని సీఐఎస్ఎల్ఐ అంటారు. ఢిల్లీలోని ఐఎస్ఎల్ఆర్‌టీసీ వెబ్‌సైట్లో నోటిఫికేషన్ పడినప్పుడే దరఖాస్తు. పడ్డాక కాగితాల కోసం పరిగెత్తితే గడువు దాటిపోతుంది.

కాబట్టి ఆ పని ఇప్పుడే. ఆధార్‌లో "బి. లక్ష్మి", పదో తరగతి మెమోలో "బోయ లక్ష్మీదేవి", రేషన్ కార్డులో ఇంకోటి ఉంటే ముందు అవి సరిచేయించండి. అమ్మానాన్నలకి, ఆ అన్నకి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే తీయించండి, బంధుత్వానికీ బధిరత్వానికీ రుజువుగా పనికొస్తుంది. కొడుకు మెమోలో తండ్రి పేరూ, తండ్రి యూడీఐడీలో పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి. దరఖాస్తులు ఆగేది చాలావరకు ఇక్కడే, సైన్ రాక కాదు.

గోళీసోడా

టైటిల్ చూసి ఊరికే వచ్చా. సోడా అనేసరికి నన్నేనేమో అనుకున్నా.

కోడా_సోడా

@గోళీసోడా మీకు నోటిఫికేషన్ లేదు, మూత తీస్తే చాలు.

నల్లబల్ల

మిగతా ఇద్దరికీ డిస్లి ఒకటే దారి. డిప్లొమా ఇన్ ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటేషన్. రెండేళ్లు, రెగ్యులర్, హాజరు తప్పనిసరి. ఇంటర్ పాసై ఉండాలి. పాసై బయటికొస్తే ఆర్‌సీఐ సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకుని నంబరు తీసుకోవచ్చు. ఆ నంబరు ఒకసారి వస్తే జీవితాంతం కాదు, రెన్యువల్ ఉంటుంది, దానికి సీఆర్ఈ పాయింట్లు కావాలి. అంటే గుర్తింపు ఉన్న సెమినార్లు, వర్క్‌షాపులకి హాజరవుతూ ఉండాలి.

పదితో ఆపినవాళ్లకి ఆంధ్రలో అయితే ఏపీ ఓపెన్ స్కూల్, తెలంగాణలో అక్కడి ఓపెన్ స్కూల్ టాస్, లేదా జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్. ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. డిస్లి అడ్మిషన్‌కి మార్కుల శాతం కూడా చూస్తారు కాబట్టి "ఎలాగోలా పాసైతే చాలు" అని వదిలేయొద్దు.

ముఖకవళిక

ఒక హెచ్చరిక. "ఆన్‌లైన్లో 3 నెలల్లో సర్టిఫైడ్ ఇంటర్‌ప్రెటర్" అని ప్రకటనలొస్తాయి. డబ్బు కట్టేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్లో సంస్థ పేరు, కోర్సు పేరు, ఏ విద్యాసంవత్సరం వరకు అనుమతి ఉందో మూడూ చూడండి. సంస్థకి అనుమతి ఉండి కోర్సుకి లేకపోవచ్చు. కోర్సుకి ఉండి ఈ ఏడాదికి లేకపోవచ్చు. భాష నేర్పే బేసిక్ కోర్సులు మంచివే, ఐఎస్ఎల్ఆర్‌టీసీ కూడా నడుపుతుంది. కానీ అవి భాష నేర్చుకున్నట్టు చెప్తాయి, ఇంటర్‌ప్రెటర్ అయినట్టు కాదు.

రెవెన్యూ_రాముడు

నాకు అర్థం కాని విషయం. పుట్టినప్పటినుంచి ఇంట్లో సైనే మాట్లాడిన పిల్లకి పరీక్ష దేనికి? తెలుగువాడికి తెలుగొచ్చా అని పరీక్ష పెట్టినట్టుంది.

తెలుగు_గొంతు

@రెవెన్యూ_రాముడు తెలుగొచ్చినవాళ్లందరూ కోర్టులో తెలుగునుంచి ఇంగ్లీషుకి దుబాసీ పని చేయలేరు కదా. ఇదీ అంతే. కోడాలు ఎక్కువగా తడబడేది చేతుల్లో కాదు, గొంతులో. బధిరుడు సైన్ చేస్తుంటే దాన్ని తెలుగులో పలకాలి చూడండి, అక్కడ. ఇంట్లో ఆ పని సారాంశంతో సరిపోతుంది. "నాన్నకి కడుపునొప్పంట" అంటే అమ్మమ్మకి చాలు. డాక్టరుకి చాలదు.

తెలుగు మనల్ని కొన్ని విషయాలు తేల్చి చెప్పమంటుంది. సైన్ తేల్చదు. ఇవి ఒక్కొక్కటీ విడిగా సాధన చేయించాలి:

లింగం. సైన్‌లో ఒక వ్యక్తిని ఒక చోట నిలబెట్టి అటు వేలు చూపిస్తే చాలు. తెలుగులో "వచ్చాడు", "వచ్చింది" ఏదో ఒకటి అనక తప్పదు. తెలియనప్పుడు చాలామంది తెలివిగా "వచ్చారు" అంటారు. ఆస్పత్రిలో ఫర్వాలేదు. పోలీసు స్టేట్‌మెంటులో "ఇంట్లోకి వచ్చారు" అని రాసుకుంటే ఒకరా, ముగ్గురా? నిందితుల సంఖ్యే మారిపోతుంది. తెలియకపోతే ఆగి అడగాలి.

మర్యాద. ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సైన్ లాంగ్వేజ్‌లో) నువ్వు, మీరు అని రెండు మాటలు లేవు, ముఖంలో, ఒంటి తీరులో వినయం కనబడుతుంది. ఇంట్లో అలవాటుతో "నువ్వు సంతకం పెట్టలేదు" అని తహసీల్దారుతో పలికితే ఆ పొగరు బధిరుడి ఖాతాలో పడుతుంది.

మనం, మేము. చెయ్యి తిప్పే వంపులో ఎదుటివాడు లోపలున్నాడా బయటున్నాడా చూడాలి. "మనం మాట్లాడుకున్నాం" అన్నదానికీ "మేం మాట్లాడుకున్నాం" అన్నదానికీ కోర్టులో చాలా దూరం.

చూసిందా, విన్నదా. "కొట్టాడు", "కొట్టాడట". ఈ ఒక్క "ట" సాక్ష్యాన్ని నిలబెడుతుంది లేదా పడగొడుతుంది. సైన్ చేసేవాళ్లు "ఫలానావాడు చెప్పాడు" అని ముందే చూపించి, ఆ తర్వాత ఆ మనిషిలా మారి కథంతా చెప్తారు. ఆ మొదటి సైన్ జారిపోతే మిగతాదంతా కళ్లారా చూసినట్టు తెలుగులోకి దిగిపోతుంది.

రెవెన్యూ_రాముడు

ఒప్పుకున్నా. "ట" సంగతి తట్టలేదు.

వేళ్ల_లెక్క

పైన గొంతు గారు చెప్పినదానికి అటువైపు కూడా ఉంది. తెలుగులో క్రియ చివర, దాంట్లోనే "కాదు", "లేదు" అన్న మాట ఇంకా చివర. "పింఛను ఆపేస్తామని మేం ఎప్పుడూ చెప్పలేదు" అని ఆఫీసరు అంటుంటే, రెండు మాటలు వినగానే చేతులు మొదలెడితే బధిరుడికి చేరేది "పింఛను ఆపేస్తాం". తర్వాత లేదు అని చేసినా ఆయన ముఖం అప్పటికే మారిపోతుంది. వాక్యం ముగిసేదాకా, కనీసం క్రియ వినబడేదాకా ఆగడం అలవాటు చేయాలి. "రాకపోతే ఇవ్వకుండా ఉండరు" లాంటి మూడు కాదుల వాక్యాలు రోజుకి పది ఇవ్వండి. మొదటివారం తిట్టుకుంటారు.

ఇంకో తప్పు, తెలుగు మాటకో సైన్ అతికించడం. "పొలం పోయింది" అంటే అమ్ముడైందా, వరదలో పోయిందా, తమ్ముడు రాయించుకున్నాడా? "అత్త" అంటే భర్త తల్లా, నాన్న చెల్లెలా? సైన్‌లో ఆ చుట్టరికం విప్పి చూపాలి, అందుకు ముందు తెలుగు మాట్లాడినవాణ్ణి అడగాలి. అడగడం చేతకానితనం కాదని వీళ్లకి నూరిపోయడానికే నెల పడుతుంది.

మండలం_మాట

ఇవన్నీ బాగున్నాయి. ఎవరు ఎక్కడున్నారో మొదట తూచడం ఎలా? మా దగ్గర డిస్లి చదివినవాళ్లెవరూ లేరు.

వేళ్ల_లెక్క

సర్టిఫైడ్ మనిషి లేకపోయినా తూచొచ్చు. నాలుగు క్లిప్పులు చాలు, ఒక్కోటి 5 నిమిషాలు.

ఒకటి, మామూలు తెలుగు ప్రసంగం ఆడియో, అంకెలు లేకుండా. రెండు, అంకెలూ తేదీలూ ఊళ్ల పేర్లతో నిండినది. పట్టాదారు వివరాలు చదివినట్టు, సర్వే నంబరు 142/2-ఏ, రెండెకరాల ముప్పై సెంట్లు, అలా. తెలంగాణ అయితే గుంటల్లో. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. 30 సెంట్లని 30 గుంటలు చేస్తే ఎకరంలో మూడో వంతు కూడా లేనిది ముప్పావు ఎకరం అవుతుంది. మూడు, చదువుకున్న బధిరుడు సైన్ చేసిన వీడియో. నాలుగు, బడికి పోని పెద్దవయసు బధిరుడి వీడియో. మొదటి రెండూ చేతులతో, తర్వాతి రెండూ గొంతుతో. ముందుగా చూపించకండి. అన్నీ రికార్డు చేయండి.

దిద్దేటప్పుడు "బాగుంది, బాలేదు" రాయొద్దు. నాలుగు గళ్లు గీయండి: వదిలేసినవి, కలిపినవి, మార్చినవి, తడబడి సరిదిద్దుకున్నవి. ప్రతి తప్పుకీ వీడియోలో ఎన్నో నిమిషం ఎన్నో సెకను. చివరి గడి తప్పు కాదు, సుగుణం. కానీ అది పదిహేను దాటితే చూసేవాడికి విసుగు.

వదిలేసినవే ఎక్కువ ఉంటే ఆలస్యంగా మొదలెడుతున్నారు, బుర్రలో నిలవ ఉండట్లేదు. మార్చినవే ఎక్కువ ఉంటే తొందరపడి మొదలెడుతున్నారు. కలిపినవి ఎక్కువ ఉంటే అది భాష సమస్య కాదు, సహాయం చేద్దామన్న ఉబలాటం. ఇంట్లోవాళ్లకి చేసి చేసి వచ్చిన జబ్బు అది.

కళ్ళతో_వింటా

ఇదంతా వినగలిగేవాళ్లు కూర్చుని దిద్దుతారా? నేను బధిరురాలిని, ఐఎస్ఎల్ నేర్పుతాను. చేతులు బాగున్నాయని వినేవాళ్లు మెచ్చుకున్న ఇంటర్‌ప్రెటర్ మాకు అర్థం కాకపోవడం రోజూ జరిగేదే. ముఖం కదలదు. ప్రశ్నకి కనుబొమ్మలు లేవవు. అప్పుడు "నువ్వు వస్తావా" కాస్తా "నువ్వు వస్తావు" అయిపోతుంది.

మొదటి రెండు క్లిప్పులూ ఇలా దిద్దండి. ఆడియో తీసేసి వీడియో ఒక్కటే బధిరుడికి చూపించండి. చూసినదాన్ని ఆయన తిరిగి సైన్‌లో చెప్పాలి, దాన్ని ఇంకో ఇంటర్‌ప్రెటర్ తెలుగులో రాయాలి. రాసింది అసలు ఆడియోతో పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే తప్పు. ముగ్గురు బధిరులైనా ఉండాలి: చదువుకున్నవారొకరు, చదువు లేనివారొకరు, అరవై దాటినవారొకరు. ఒక్కరికే అర్థమైతే అది ఆ ఒక్కరి ఇంటి సైన్.

వాళ్లకి గంటకింత అని డబ్బివ్వండి. టీ ఇచ్చి సరిపెట్టొద్దు.

నల్లబల్ల

@కళ్ళతో_వింటా దిద్దే పద్ధతి బాగుంది. కానీ సైన్ల విషయంలో మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు చెప్తా. పరీక్షకి పోయేవాళ్లు ఊరి సైన్లు వదిలేయాలి. దిద్దేవాళ్లు తమిళనాడునుంచో రాజస్థాన్‌నుంచో వచ్చి కూర్చుంటే మన మండలం సైన్ ఎవరికి తెలుసు? ఐఎస్ఎల్ఆర్‌టీసీ డిక్షనరీ 2018లో 3,000 మాటలతో మొదలై, 2019లో 6,000 అయి, 2021లో 10,000కి చేరింది. అది ముందేసుకుని కూర్చోవడమే.

కళ్ళతో_వింటా

వదిలేయాలి అన్నది తప్పు మాట. ఆ సైన్లు వదిలేసిన రోజు వీళ్ల ఊళ్లో బధిరులకి వీళ్లు పనికిరారు. సర్టిఫికెట్ వచ్చినా ఏం లాభం? కోస్తావాళ్లు ఊళ్లో ఊరి యాస మాట్లాడి ఉద్యోగంలో వేరేగా మాట్లాడట్లేదా? రెండూ రావాలి. ఎక్కడ ఏది వాడాలో తెలియాలి. అది కూడా పరీక్షించాల్సిన నైపుణ్యమే.

నల్లబల్ల

సరే, వదిలేయాలి అన్నది వెనక్కి తీసుకుంటున్నా. పరీక్ష గదిలో పక్కన పెట్టాలి, అంతే.

డిక్షనరీలో రోజువారీ మాటలతో పాటు న్యాయం, వైద్యం, సాంకేతికం, వ్యవసాయం మాటలు కూడా ఉన్నాయి. 10,000 ఒకేసారి ఎక్కవు. మొదట 300 చాలు: ఆస్పత్రి 80, పోలీసు కోర్టు 80, భూమి రెవెన్యూ 70, బ్యాంకు పింఛను 70. ఒక్కో మాటకి మూడు వీడియోలు పక్కపక్కన పెట్టుకోండి: ఊళ్లో చేసేది, జిల్లా బధిరుల సంఘంలో చేసేది, డిక్షనరీలోది. చాలావాటికి మూడూ ఒకటేనని తేలుతుంది, భయం సగం అక్కడే పోతుంది. తేడా ఉన్నవే సాధన చేయండి.

ముఖకవళిక

ఫింగర్‌స్పెల్లింగ్ మర్చిపోయారందరూ. ఊరి ఇంటర్‌ప్రెటర్లకి ఇది బాగా బలహీనం, ఎందుకంటే ఊళ్లో అవసరం పడదు. చదువు రాని బధిరుడికి ఇంగ్లీషు అక్షరాలు వేళ్లమీద రాస్తే ఏం లాభం. కానీ పేర్లు, మందులు, ఊళ్లు, సెక్షన్లు వచ్చేసరికి కావాలి. ఐఎస్ఎల్ వర్ణమాల రెండు చేతులది. అచ్చులు ఎడమచేతి వేళ్ల కొసల మీద: ఏ బొటనవేలు, ఈ చూపుడువేలు, ఐ మధ్యవేలు, ఓ ఉంగరపువేలు, యూ చిటికెనవేలు. తప్పులన్నీ ఐ, ఓ దగ్గరే. వేలు ఒక్క గడి జరిగితే పేరు మారిపోయింది. ఆధారంగా ఉండే చెయ్యి కదలకూడదు, దాన్ని ఛాతీకి కాస్త ముందు ఒకేచోట నిలపాలి. రోజూ 20 ఊళ్ల పేర్లు, నిదానంగా. వేగం దానంతటదే వస్తుంది. స్పష్టత రాదు.

ఎడమచేతివాటం వాళ్లు మొత్తం తిరగేసి చేయొచ్చు, మధ్యలో చేతులు మార్చకూడదు.

గోళీసోడా

టాబ్లెట్ల పేర్లు వేళ్లమీద రాయాలా? డాక్టరు చీటీ మీద రాసిందే చదవలేకపోతున్నాం.

ప్లీడర్_గుమాస్తా

కోర్టు వైపు నుంచి కొంచెం. "డబ్బులిచ్చే కాడికి నంబరు అడుగుతారు" అన్నారు కదా పైన, అడగడానికి కారణముంది. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) నియమాలు 2020లో 5వ నియమం చూడండి. జిల్లా బాలల సంరక్షణ విభాగం దగ్గర ఇంటర్‌ప్రెటర్ల, స్పెషల్ ఎడ్యుకేటర్ల రిజిస్టరు ఉండాలి. మామూలు భాషల దుబాసీకి ఆ భాష వచ్చి ఉంటే నడుస్తుంది. సైన్ లాంగ్వేజ్ దగ్గరికొచ్చేసరికి విశ్వవిద్యాలయం నుంచో ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న సంస్థ నుంచో అర్హత అడుగుతారు. చెల్లింపు రాష్ట్ర ప్రభుత్వం చేస్తుంది. కాబట్టి సర్టిఫికెట్ చేతికి రాగానే మొదటి పని జిల్లాలో ఆ విభాగానికి దరఖాస్తు. పోలీసులకీ కోర్టుకీ పేర్లు అక్కణ్ణించే వెళ్తాయి.

పెద్దవాళ్ల కేసుల్లో భారతీయ సాక్ష్య అధినియమం 125వ సెక్షన్. పాత సాక్ష్య చట్టంలో 119. మాట్లాడలేని సాక్షి రాతలో గాని సైగల్లో గాని చెప్పొచ్చు, కోర్టు ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ సాయం తీసుకోవాలి, దాన్ని వీడియో తీయాలి. వీడియో అంటే ఏమిటో వీళ్లకి గట్టిగా చెప్పండి. మీరు పలికిన ప్రతి మాటనీ తర్వాత ఇంకో ఇంటర్‌ప్రెటర్ని పిలిచి సైన్‌తో సరిపోల్చి చూడొచ్చు. ఎదుటి లాయరు వదులుతాడా?

రెవెన్యూ_రాముడు

@ప్లీడర్_గుమాస్తా మరి చట్టంలోనే "ఆ పిల్లవాడి సంభాషణ తీరు తెలిసిన వ్యక్తి" అని కూడా ఉందిగా. అంటే సర్టిఫికెట్ లేకున్నా పిలవొచ్చన్నమాట.

ప్లీడర్_గుమాస్తా

ఉంది, పోక్సో 26, 38 సెక్షన్లలో. ఇంటి సైగలు తప్ప ఇంకేమీ తెలియని పిల్లల కోసం ఆ తలుపు తెరిచి పెట్టారు. కానీ దాన్ని అడ్డం పెట్టుకుని బాబాయినో మేనమామనో నిలబెడితే కేసు గోవిందా. ఇంటర్‌ప్రెటర్ నిష్పాక్షికంగా ఉండాలి, ఏదైనా సంబంధం ఉంటే ముందే చెప్పాలి, కలపకుండా వదలకుండా పూర్తిగా చెప్పాలి అని అదే 5వ నియమంలో ఉంది.

కోడా_సోడా

అక్కడే పల్లెల చిక్కు. మండలంలో ఎవరికి ఎవరు చుట్టం కారు? అందుకే ఈ ఆరుగురికీ ఒక అలవాటు నేర్పండి. ఒప్పుకునే ముందే మూడు ప్రశ్నలు: ఇందులో నా చుట్టాలెవరైనా ఉన్నారా, ఫలితంతో నాకు లాభనష్టాలున్నాయా, ఈ మనిషి సైన్ నాకు నిజంగా అర్థమవుతుందా. మూడోదానికి "సగం సగం" అని జవాబొస్తే ఒప్పుకోకూడదు, లేదా బధిర ఇంటర్‌ప్రెటర్‌ని జత అడగాలి. బధిరుడు ఇంటి సైగలని ఐఎస్ఎల్‌లోకి, వినేవాడు ఐఎస్ఎల్‌ని తెలుగులోకి. ఇద్దరూ కలిసి చేసే పని అది. ఒక్కరే చేయగలననడం గొప్ప కాదు.

పక్క మండలం వాళ్లతో ఒప్పందం పెట్టుకుంటే ఇంకా మంచిది. మీ ఊరి గొడవకి వాళ్లు, వాళ్ల ఊరి గొడవకి మీరు.

తెలుగు_గొంతు

నీతి నియమాలు చదివిస్తే ఎక్కవు, ఆడించాలి. ఇద్దరు వినేవాళ్లు, ఒక బధిరుడు, ఒక ఇంటర్‌ప్రెటర్. డాక్టరు వేషంలో ఉన్నాయన ఇంటర్‌ప్రెటర్ వైపు తిరిగి "ఇతను తాగుతాడా?" అంటాడు. మనవాళ్లు పదిలో తొమ్మిదిమంది చటాక్కున జవాబు చెప్పేస్తారు, ఎందుకంటే తెలుసు కాబట్టి. సరైన పని, ఆ ప్రశ్నని అలాగే బధిరుడికి దాటించి ఆయన చెప్పింది పలకడం. "అతను తాగనంటున్నాడు" కాదు, "నేను తాగను". కోర్టు వేషంలో ఏదైనా తెలియకపోతే "ఇంటర్‌ప్రెటర్ స్పష్టత కోరుతున్నారు" అని తనను తాను మూడో మనిషిగా చెప్పుకోవాలి. "నాకర్థం కాలేదు" అంటే సాక్షికే అర్థం కాలేదని రాసేసుకుంటారు.

వేళ్ల_లెక్క

ఇక వారం ప్రణాళిక.

నాలుగు రోజులు ఇంటి దగ్గర 25 నిమిషాలు: 5 ఫింగర్‌స్పెల్లింగ్, 10 తెలుగునుంచి సైన్, 10 సైన్‌నుంచి తెలుగు. గొంతు పని కోసం 2024 డిసెంబరులో మొదలైన పీఎం ఈవిద్య 31వ ఛానెల్ వాడుకోండి, ఐఎస్ఎల్ కోసమే పెట్టినది. శబ్దం ఆపేసి 2 నిమిషాల ముక్క చూసి పలకాలి, రికార్డు చేయాలి. ఒకే ముక్క మూడుసార్లు: మొదటిసారి ఆపి ఆపి, రెండోసారి ఆగకుండా, మూడోసారి రెండు రోజులయ్యాక. మూడోసారి కూడా పాత తప్పే వస్తే అది అలవాటు తప్పు, దాన్ని విడిగా పట్టాలి.

ఆదివారం రెండు గంటలు అందరూ కలిసి, బధిరులతో. అందులో ఒక అరగంట ఏ పనీ లేకుండా కబుర్లు. భాష అక్కడే చిక్కబడుతుంది.

మొదటి మూడు నెలలూ వాక్యం ఆగాక చేసే పద్ధతే. వింటూనే చేసే పద్ధతి తర్వాత. తొందరపడితే మాటకో సైన్ అతికించే జబ్బు తిరగబెడుతుంది. వింటూ చేసేటప్పుడు 20 నిమిషాలకి మనిషి మారాలి. మారకపోతే తప్పులు పెరుగుతాయి, చేసేవాడికి తెలియను కూడా తెలియదు.

ఓపిక ఉన్నవాళ్లకి ఈలాన్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మాక్స్ ప్లాంక్ సంస్థది. వీడియో కింద గీతల్లో తప్పులు గుర్తుపెట్టుకోవచ్చు. లేదంటే వీఎల్‌సీలో సగం వేగంతో పెట్టి నోట్‌బుక్కు.

మండలం_మాట

రెండు సందేహాలు. వాట్సాప్‌లో పంపిన వీడియోల్లో వేళ్లు అలికినట్టు కనిపిస్తున్నాయి, దిద్దేవాళ్లు తిట్టుకుంటున్నారు. ఇంకోటి, వంటాయన వయసు నలభై దాటింది, ఇంటర్ కట్టి ఆపై రెండేళ్లు డిస్లి అంటే తేలని పని. ఆయన్ని వదిలేయాలా?

ముఖకవళిక

వేళ్లు అలుక్కుపోవడం ఎక్కువగా చీకటి వల్ల. వెలుతురు తక్కువైతే ఫోన్ ఒక్కో ఫ్రేముకి ఎక్కువసేపు కన్ను తెరుస్తుంది, కదిలే చెయ్యి మసకబారుతుంది. పగలు కిటికీకి ఎదురుగా కూర్చోవాలి, కిటికీ వీపు వెనక ఉండకూడదు. ఫోన్ ఛాతీ ఎత్తులో, నిలువుగా, నడుము నుంచి తలపైన జానెడు వరకు, మోచేతులు బయటికి చాచినా ఫ్రేములోనే. ఒంటి రంగుకి తేడాగా ఉండే సాదా చొక్కా. గీతల చీర, మెరిసే గాజులు వద్దు. 720లో 30 ఫ్రేములు చాలు. పంపేటప్పుడు వీడియోగా కాదు, డాక్యుమెంటుగా పంపండి, అప్పుడు నొక్కి చిన్నది చేయదు. సిగ్నల్ లేని ఊరైతే వారం వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవులో వేసి ఆదివారం తెచ్చుకోవడమే సుఖం.

నల్లబల్ల

వంటాయన్ని వదలొద్దు. ఓపెన్ ఇంటర్ కట్టించండి, అది ఆయన పని చేసుకుంటూనే అవుతుంది. డిస్లి సంగతి ఇంటర్ అయ్యాక చూడొచ్చు. ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థకి (మాట, వినికిడి లోపాల జాతీయ సంస్థ) సికింద్రాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఈ ఏడాది ఏ కోర్సులున్నాయో వెళ్లి అడగండి. ఢిల్లీ దాకా పోవాలో వద్దో అక్కడ తేలుతుంది. (అలీ యావర్ జంగ్ హైదరాబాద్‌వాడే, ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా చేశాడు. పేరు ముంబైలో వెలిగింది.)

కళ్ళతో_వింటా

హాస్టల్లో ఇన్నేళ్లున్నాడంటే పిల్లల సైన్, పెద్దల సైన్, మారుతూ వచ్చిన సైన్ అన్నీ ఆయనకి తెలుసు. కోడాలకి తమ ఇంటి సైన్ ఒకటే తెలుస్తుంది. ఆదివారం నాలుగో క్లిప్పు దిద్దేటప్పుడు ఆయన్ని నా పక్కన కూర్చోబెట్టండి.

ప్లీడర్_గుమాస్తా

ఆయన సర్టిఫికెట్ వచ్చేదాకా కోర్టుకి, స్టేషన్‌కి మాత్రం పంపకండి. ఆస్పత్రి, బ్యాంకు, పింఛను ఆఫీసు చేసుకోనివ్వండి. వెళ్లిన ప్రతిచోటా తేదీ, చోటు, ఎంతసేపు, ఏ రకం పని అని ఒక పుస్తకంలో రాయమనండి. బధిరుల పేర్లు, విషయం రాయకూడదు.

మండలం_మాట

పుస్తకాలు ఆరు తెచ్చాను, ఒక్కొక్కరికి ఒకటి. యూడీఐడీ లేని తల్లిదండ్రులు ఇద్దరని తేలింది, మంగళవారం మీసేవకి తీసుకెళ్తున్నాం. మొదటి నాలుగు క్లిప్పులూ వచ్చే ఆదివారం. ముగ్గురు బధిరుల్లో ఇద్దరు ఒప్పుకున్నారు, అరవై దాటినాయన మాత్రం "మధ్యాహ్నం పడుకుంటా, పొద్దున్నే పెట్టండి" అన్నాడు.

గోళీసోడా

ఆయన చెప్పింది ఎవరు పలికారు? "పడుకుంటా" అన్నాడా, "పడుకుంటాడట" అన్నాడా?

తెలుగు_గొంతు

@గోళీసోడా మీరు కూడా ఆదివారం రండి. కుర్చీ వేస్తారు.